కాజీపేట నుంచి ఎనుమాముల దాకా ఐదు గాలి పెట్టెలు: ఏడాదిన్నర వాడాక నా మాట

మా బాపుకు దమ్ము ఉంది. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్ళు పని చేసి రిటైరయ్యాడు. డాక్టరు సార్ చూసి సీవోపీడీ, అంటే ఊపిరి ఆడనియ్యని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, అని రాసి, రెండు పూటలా ఇన్‌హేలర్ పెట్టాడు. "పొగ, దుమ్ము ఎక్కువున్నప్పుడు బయట తిరగనియ్యకండి" అన్నాడు. ఎప్పుడు ఎక్కువుంటుంది సార్ అని అడిగాను. "మీ వాడకట్టు సంగతి నాకెట్ల తెలుస్తది, మీరే చూసుకోవాలె" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. హన్మకొండలో సీసీ కెమెరాలు అమ్మి బిగించే చిన్న షాపు నాది. గోడలకూ స్తంభాలకూ పరికరాలు బిగించి, ఎండకూ వానకూ అవి పాడవకుండా చూసుకోవడమే నా బతుకుదెరువు. గాలిని చూసే పరికరం ఏదైనా దొరికితే అది బిగించడం నాకు కష్టం కాదనుకున్నాను.

అట్ల దసరాకు ముందు మొదలుపెట్టిన పని ఇది. ఇప్పటికి రెండు చలికాలాలు, ఒక వానాకాలం గడిచాయి. ఒక రెడీమేడ్ పెట్టె కొన్నాను, నాలుగు పెట్టెలు చేత్తో చేశాను. ఐదింటినీ ఐదు చోట్ల పెట్టాను. కొనాలనుకునేవాళ్ళు షాపుకు వచ్చి అడుగుతున్నారు కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందు రెడీమేడ్ పెట్టె సంగతి. ఆన్‌లైన్‌లో 11,800 పెట్టి తెప్పించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా పేర్లతో అమ్ముతున్నారు. పేరుకన్నా లోపల ఏ సెన్సర్ ఉందో అడిగి తెలుసుకోవడం ముఖ్యం. చూడటానికి బాగుంది. తెల్లటి డబ్బా, ముందర రంగుల స్క్రీను. ప్లగ్గులో పెట్టగానే ఎర్ర రంగులో 154 అని వచ్చింది. బాపు ఆ అంకె చూసి మంచం మీద కూర్చుండిపోయాడు. "గింత ఖరాబుగుందా మన గాలి?" అన్నాడు. ఆ రాత్రంతా కిటికీలు మూసి పడుకున్నాడు.

ఆ 154 ఏమిటో నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అది అమెరికా లెక్క. ఆ సమయంలో గాలిలో ఉన్న సూక్ష్మ ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణం ప్రకారం ఇరవై నాలుగు గంటల సగటుకు పెట్టిన హద్దు సరిగ్గా ఆ 60. గాలి ఎంత బాగుందో ఒక్క అంకెలో చెప్పే సూచికను ఏక్యూఐ అంటారు, మన ఏక్యూఐ 2015లో వచ్చింది. దాంట్లో 60 మైక్రోగ్రాములంటే 100, అంటే 'సంతృప్తికరం' అనే గడికి చివరి అంకె. అదే గాలిని అమెరికా పట్టిక 150 దాటించి ఎర్రగా చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన ఇంకా గట్టిది, రోజు సగటు 15 మించొద్దంటుంది. గాలి ఒకటే, కొలబద్దలు మూడు. పెట్టె ఏ కొలబద్దతో మాట్లాడుతోందో డబ్బా మీద ఎక్కడా రాయలేదు. ఇంకొకటి, ఈ హద్దులన్నీ రోజు మొత్తం సగటుకు పెట్టినవి. పెట్టె చూపించేది ఈ నిమిషంలో ఉన్న గాలి. పోపు వేసిన నిమిషాన్ని రోజు సగటుతో పోల్చుకొని భయపడటం తప్పు. కొనేవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే: స్క్రీను మీద ఏక్యూఐ వదిలిపెట్టండి, మైక్రోగ్రాముల అంకె ఎక్కడుందో వెతకండి. సెట్టింగుల్లో ఆ అంకె కనిపించని పెట్టె అయితే వాపసు చేయండి.

రెడీమేడ్ పెట్టె మీద నాకున్న అసలు కోపం వేరే. ముప్పై రోజుల కన్నా పాత లెక్కలు చూడాలంటే ఏడాదికోసారి డబ్బు కట్టాలట. నా ఇంటి మీద, నా కరెంటుతో, నా వైఫైతో కొలిచిన గాలి లెక్క నాకే అమ్ముతామన్నారు. రెండుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లూ ప్లాన్ కొనమనే చెప్పారు. పైగా 'బయట కూడా వాడొచ్చు' అని రాసి ఉన్న డబ్బాకు గాలి లోపలికి పోయే సందులు పైవైపు ఉన్నాయి. కెమెరాలు బిగించేవాడిని, ఆ సందులు చూడగానే వాన నీళ్ళు ఎటు పోతాయో తెలిసిపోయింది. దాన్ని ఇంట్లోనే ఉంచాను. ఇంట్లో అది బాగా పనికొచ్చింది, ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

ఇక చేత్తో చేసిన పెట్టెలు. జర్మనీలో స్టుట్‌గార్ట్ అనే ఊరుంది. చుట్టూ గుట్టలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం, కార్ల కంపెనీలకు పేరు. అక్కడ కొందరు 2015లో తమ ఊరి గాలిని తామే కొలుచుకుంటామని మొదలుపెట్టారు. దాన్నే ఇప్పుడు సెన్సర్ కమ్యూనిటీ అంటున్నారు. ఎవరైనా పెట్టె చేసుకొని ప్రపంచ పటంలో కలపొచ్చు, లెక్కలు అందరికీ తెరిచే ఉంటాయి. వాళ్ళ పెట్టె చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మన ప్లంబింగ్ షాపులో దొరికే 75 ఎంఎం పైపు బెండులు రెండు తీసుకొని ఒకదానిలో ఒకటి దూర్చి, రెండు మూతులూ కిందికి చూసేట్టు పెడతారు. వాన లోపలికి పోదు, గాలి పోతుంది. లోపల ఎస్‌డీఎస్ 011 అనే ధూళి సెన్సర్, తేమ, వేడి చూసే చిన్న సెన్సర్ ఇంకొకటి, వైఫై ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు. అంతే. కేబుల్ టైలతో బిగించి, కింది మూతికి సన్న జాలీ కట్టాను. ఒక్కోదానికి నాకు పడింది సుమారు 3,400. సోల్డరింగ్ కూడా అక్కర్లేదు, జంపర్ వైర్లు గుచ్చితే చాలు. సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ నుంచి బోర్డులోకి ఎక్కించడానికి మాత్రం ఒక సాయంత్రం పట్టింది. డిగ్రీ చదివే మా బాబాయి కొడుకు పక్కన కూర్చొని చేయించాడు.

లోపల జరిగేది తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి మీద లేజర్ కాంతి పడుతుంది. పొద్దున కిటికీ సందులోంచి ఎండ పడ్డప్పుడు దుమ్ము రేణువులు మెరుస్తాయి చూశారా, అట్లనే రేణువు తగలగానే కాంతి చెదురుతుంది. చెదిరిన కాంతిని ఒక కన్ను పట్టుకొని, ఇన్ని రేణువులు, ఇంత సైజు అని అంచనా కట్టి, దాన్ని బరువుగా మార్చి చెబుతుంది. అంటే ఇది తూకం కాదు, కంటి అంచనా. మైక్రానులో మూడో వంతు కన్నా సన్న రేణువులు దానికి కనపడవు. వాయువుల వాసన కూడా దీనికి తెలియదు. సల్ఫర్ డయాక్సైడ్, ఓజోన్ లాంటివి కావాలంటే అవి వేరే సెన్సర్లు, వేరే ఖర్చు. ఈ ఎస్‌డీఎస్ ఆయుష్షు 8,000 గంటలని తయారీవాళ్ళే రాశారు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి ఆగకుండా తిప్పితే ఏడాది కూడా రాదు. అందుకే ఆ జర్మనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ దాన్ని రెండున్నర నిమిషాలకోసారి లేపి, కొన్ని సెకన్లు గాలి పీల్పించి మళ్ళీ పడుకోబెడుతుంది. ఆ ఒక్క ఏర్పాటుతో నా నాలుగూ ఏడాదిన్నరగా నడుస్తున్నాయి.

బిగించే ముందు నేను చేసిన ఒక పని ఎవరూ మానొద్దు. ఐదు పెట్టెలనూ తొమ్మిది రోజులు మా డాబా మీద రేకు నీడన పక్కపక్కనే పెట్టాను. ఒకే గాలికి ఐదూ ఏం చెబుతాయో చూడాలి కదా. నాలుగు దగ్గరదగ్గరగా నడిచాయి. ఒకటి మాత్రం ఎప్పుడూ మిగతావాటి కంటే మూడో వంతు ఎక్కువ చెప్పింది. అది చెడిపోలేదు, ఎక్కేటప్పుడు వాటితోనే ఎక్కింది, దిగేటప్పుడు వాటితోనే దిగింది. ఎత్తు మాత్రం వేరు. దాని మీద మార్కర్‌తో 'ఎక్కువ చెప్తది' అని రాసి, లెక్క వేసేటప్పుడు తగ్గించుకుంటున్నాను. ఇట్ల పక్కన పెట్టి చూడకుండానే రెండు వాడల గాలి పోల్చినవాళ్ళు గాలిని కాదు, పెట్టెలను పోల్చినట్టే.

తర్వాత ఒకటి మా ఇంటి మీద, కాజీపేటలో దర్గా రోడ్డు వైపు. ఒకటి వడ్డేపల్లి చెరువు దగ్గర అక్క వాళ్ళ ఇంట్లో. ఒకటి నయీంనగర్ రోడ్డు మీద నా కస్టమర్ షాపు పైన, మూడో అంతస్తులో కాకుండా మనిషి తలకు కొంచెం పైన. ఇంకొకటి ఎనుమాముల మార్కెట్ దగ్గర మేనమామ విత్తనాల షాపు గోడకు. రెడీమేడ్‌ది మా ఇంటి లోపల. ఇళ్ళలో బిగించడానికి వచ్చిన చిక్కులు కెమెరాల చిక్కులే. ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, కొత్త రౌటర్లలో రెండు బ్యాండ్లూ ఒకే పేరుతో ఉంటే పట్టుకోదు, విడిగా పేరు పెట్టాలి. అక్క వాళ్ళింట్లో కోతులు రెండుసార్లు పైపు పీకి పారేశాయి. ఇప్పుడు కెమెరాకు వేసే ఇనుప పంజరం వేసి బోల్టు బిగించాను. నయీంనగర్ పెట్టె ఒక నెలలో ఉన్నట్టుండి వందలు వందలు చూపించింది. విప్పితే సెన్సర్ మూతిలో సాలెగూడు. బ్రష్‌తో తీసి బ్లోయర్ కొట్టగానే దారికొచ్చింది. మూడు నెలలకోసారి జాలీ విప్పి చూడటం తప్పదు.

ఇక ఈ పెట్టెలు చెప్పిందేమిటి? మొదటి చలికాలంలోనే ఒక సంగతి తేలింది. బాపు పొద్దుగాల ఐదున్నరకు లేచి ఆరింటికి నడకకు పోయేవాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. పొద్దుగాలి గాలి అమృతమని ఆయన నమ్మకం. డిసెంబరు, జనవరి లెక్కలు పరిచి చూస్తే మా వాడకట్టులో రోజు మొత్తం మీద అతి చెడ్డ వేళలు రెండు: పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మాపటికి ఏడు నుంచి పది. అన్నిటికంటే మంచి వేళ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు. కారణం కష్టమైనదేం కాదు. చలి రాత్రి నేల చల్లబడి, దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందనే పడుకుంటుంది. పైన వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. పొయ్యిల పొగ, బండ్ల పొగ, చెత్త పొగ అన్నీ ఆ మూత కిందనే తిరుగుతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కితే గాలి పైకి లేచి మూత తెరుచుకుంటుంది. బాపును ఒప్పించడానికి పది రోజులు పట్టింది. చివరికి రోజూ ఒకే ఆకారంలో వచ్చే ఆ గీతను ఫోన్‌లో చూపించాను. రెండు గుట్టలు, మధ్యలో లోయ. "నాలుగింటికి పోతే ఈ లోయల నడిచినట్టు" అన్నాడు తనే. చలికాలంలో ఇప్పుడు నాలుగింటికి నడుస్తున్నాడు. ఇన్‌హేలర్ మానలేదు, మానొద్దు కూడా. కానీ నడిచి వచ్చి గడపలో ఆగి ఊపిరి తీసుకోవడం మాత్రం తగ్గింది. ఒక కొడుకుగా ఈ సామానుకు నేను పెట్టిన పైసలకు విలువ అక్కడే వచ్చింది.

అయితే ఆ పొద్దుటి గుట్ట మొత్తం ధూళి కాదు. ఇది దాచి చెప్పడం న్యాయం కాదు. పొగమంచు పడ్డ రోజున మంచు బిందువు కూడా లేజరుకు రేణువులాగానే కనిపిస్తుంది. తేమ బాగా ఎక్కువైతే ధూళి రేణువులు కూడా నీళ్ళు పీల్చుకొని ఉబ్బుతాయి. ఎస్‌డీఎస్‌కు 70 శాతం తేమ దాకానే పని అని దాని కాగితంలోనే ఉంది. మన చలికాలపు పొద్దుగాల, ముసురు పట్టిన రోజుల్లో తేమ దానికి పైనే. అందుకే తేమ సెన్సర్ పక్కనే పెడతారు. అమెరికాలో పర్పుల్ ఎయిర్ అనే పెట్టెల కోసం అక్కడి పర్యావరణ సంస్థవాళ్ళు 2021లో ఒక సవరణ లెక్క ప్రకటించారు. పెట్టె అంకెను 0.524తో గుణించి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేసి, 5.75 కలపాలి. పెట్టె వంద అన్నప్పుడు తేమ 80 ఉంటే అసలు సుమారు 51 అన్నమాట. సగానికి సగం తేడా. అది వాళ్ళ సెన్సర్‌కు, వాళ్ళ గాలికి కట్టిన లెక్క, మన గాలికి నేరుగా పెట్టకూడదు. మన దగ్గర వరి కొయ్యల పొగ, మట్టి రోడ్డు దుమ్ము, వంట పొయ్యి పొగ కలిసిన గాలి వేరు. నేను చేసేది ఒకటే. తేమ 80 దాటిన గంటల లెక్కను వేరే రంగులో ఉంచి, దాని మీద తీర్పు చెప్పను. ఆ గంటలు తీసేసి చూసినా పొద్దుటి గుట్ట పొట్టిదైంది కానీ పోలేదు. బాపు నడక వేళ మార్చింది ఆ మిగిలిన గుట్టను చూసే.

పెట్టె ఒక్కటే ఉంటే ఎంత, ఐదుంటే ఎంత అనేది నాకు నవంబరు చివరలో ఒక రాత్రి తెలిసింది. వానాకాలం వరి కోతలు అయిపోయిన రోజులు. ఏడుంపావుకు మా కాజీపేట పెట్టె పైకి లేచింది. మామూలుగా లేచే లేవడం కాదు, నిలువుగా. అరగంట లోపల వడ్డేపల్లిది లేచింది. ఎనిమిది దాటినాక నయీంనగర్‌ది. తొమ్మిది దాటినాక ఎనుమాములది, కాకపోతే కొంచెం పొట్టిగా. పడమటి నుంచి తూర్పుకు ఊరి మీదుగా ఒక పొగ నడిచిపోయింది. ఆ గాలి నడకను నా కళ్ళతో చూశాను. కాజీపేట దాటి పడమటికి పోతే పొలాలే. మర్నాడు ఆ దిక్కు పని మీద పోయినప్పుడు తోవ పక్కన నల్లగా కాలిన మళ్ళు కనిపించాయి. రైతును తిట్టడానికి ఇది రాయడం లేదు. మా పెద్దనాయనది కూడా వ్యవసాయమే. మిషన్‌తో కోస్తే కొయ్య మొదలు ఎత్తుగా మిగులుతుంది, యాసంగి నారు పోయడానికి రోజులు తక్కువ, దున్నించడానికి ట్రాక్టరు కిరాయి ఎక్కువ. అది వేరే మాట్లాడుకోవాల్సిన పెద్ద ముచ్చట. నేను చెప్పేది, ఒక్క మా ఇంటి పెట్టె ఉండి ఉంటే పక్కింట్లో ఎవరో చెత్త కాల్చారనుకునేవాణ్ణి. నాలుగు వరుసగా లేచాయి కాబట్టి పొగ ఎటు నుంచి వచ్చిందో తెలిసింది.

దానికి పూర్తి ఉల్టాగా ఇంకొకటి జరిగింది. అక్క వాళ్ళ వడ్డేపల్లి పెట్టె ఒక్కటే వారానికి నాలుగైదు రోజులు పొద్దున ఆరుంపావుకు ఎక్కి ఏడుకు దిగేది. మిగతా మూడూ ఆ సమయానికి తమ మామూలు గీతలోనే ఉండేవి. అంటే పొగ ఆ గల్లీదే. బావ ఒక రోజు లేచి చూస్తే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కానుగ చెట్టు ఆకులు ఊడ్చి కుప్ప చేసి అంటిస్తున్నాడు. ప్లాస్టిక్ కవర్లు కూడా అందులోనే. అక్క పోయి కొట్లాట పెట్టుకోలేదు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఉండే పెద్దమ్మకు ఫోన్‌లో గీత చూపించింది. "గిది మా మనవడు బడికి తయారయ్యే టైమే కదా బిడ్డా" అందట ఆమె. వెనక ఖాళీ జాగాలో గుంత తవ్వించి ఆకులు అందులో వేయిస్తున్నారు ఇప్పుడు. ఆ ఆరుంపావు ముల్లు గీతలో మళ్ళీ కనపడలేదు. 3,400 రూపాయల పెట్టె చేసిన పనుల్లో నాకు బాపు నడక తర్వాత ఇదే పెద్దది.

పెట్టె ఓడిపోయిన చోటు కూడా చెప్పాలి. ఎనుమాములలో మిర్చి సీజను ఎట్లుంటుందో వరంగల్‌వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో యార్డు చుట్టూ బస్తాలు, హమాలీల మెడలకు తుండుగుడ్డలు, మామ షాపులో కూర్చుంటే పది నిమిషాలకే తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం షాపంతా దగ్గుతుంటే పెట్టె 38 చూపించింది. మామ దాని వంక చూసి, "అల్లుడూ, నీ మిషన్‌కు ముక్కు లేదు" అన్నాడు. ఆయన మాట నిజం. మిరప ఘాటు కొంత మాత్రమే చాలు మనిషిని దగ్గించడానికి, పైగా దాని పొడి చాలావరకు ముతక ముక్కలే. ఈ చవక సెన్సర్లు సన్న పొగను చూసినంత బాగా ముతక దుమ్మును చూడలేవు. పీఎం 10 అని ముతక దుమ్మును కూడా కలిపిన వేరే అంకె చూపిస్తాయి కానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. చిన్న ఫ్యాను లాగే గాలి వేగానికి బరువైన రేణువు లోపలి దాకా వచ్చేదే తక్కువ. గ్రానైట్ క్వారీల దగ్గర ఉండేవాళ్ళు, కరీంనగర్ దిక్కు నుంచి ఇద్దరు, వచ్చి అడిగారు. వాళ్ళకు నేను ఈ పెట్టె అమ్మను అని చెప్పాను. క్వారీ దుమ్ముకు ఇది తక్కువ చూపిస్తుంది, తక్కువ చూపించిన అంకె రేపు వాళ్ళ మీదికే తిరుగుతుంది. అసలు పర్పుల్ ఎయిర్ మొదలుపెట్టిన ఏడ్రియన్ డిబ్‌వాడ్ అనే ఆయన కూడా యూటాలో తన ఇంటి దగ్గరి కంకర క్వారీ దుమ్ము కొలవాలనే బయల్దేరాడు. ఆ పెట్టెలు చివరికి అడవుల కార్చిచ్చు పొగను చూపించడంలో పేరు తెచ్చుకున్నాయి. పొగ వాటికి బాగా కనపడుతుంది కాబట్టి.

ఇంట్లో పెట్టిన రెడీమేడ్ పెట్టె గురించి చెప్తానన్నాను. అది చూపించింది మా అవ్వను, అంటే అమ్మను, బాధపెట్టింది. మా ఇంట్లో ఏడాది పొడుగునా అతి పెద్ద అంకెలు బయటి నుంచి రాలేదు. రాత్రి తొమ్మిదికి బాపు మంచం కింద పెట్టే దోమల కాయిల్ నుంచి వచ్చాయి. తలుపులు మూసిన గదిలో కాయిల్ ముట్టించిన అరగంటకు పెట్టె మూడంకెల్లోకి పోయి తెల్లారేదాకా దిగలేదు. ఆయాసం ఉన్న మనిషి మంచం కింద ఇన్నేళ్ళూ మేమే పొగ పెట్టామన్న మాట. అవ్వ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాడు దోమతెర తెచ్చాం. శుక్రవారం సాంబ్రాణి, ఊదుబత్తి కూడా గీతలో నిలువుగా కనిపిస్తాయి. అవ్వ పూజ మానమని నేనెప్పుడూ అనలేదు. ఆ అరగంట బాపు వరండాలో కూర్చుంటాడు, కిటికీ తెరిచి ఉంచుతాం. ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి చిమ్నీ ఫ్యాను వేస్తాం. ఇంట్లో ఆస్తమా పిల్లలు, ఆయాసం పెద్దలు ఉన్నవాళ్ళు బయటి పెట్టె కన్నా ముందు ఒక నెల లోపల పెట్టె పెట్టి చూడండి.

చాలామంది అడిగే ప్రశ్న: ప్రభుత్వం కొలుస్తుంది కదా, మనకెందుకు? ప్రభుత్వం కొలిచే పద్ధతి దీనికన్నా ఎంతో నికరమైనది. జాతీయ గాలి పర్యవేక్షణ కింద నడిచే మాన్యువల్ కేంద్రాల్లో ఫిల్టరు కాగితం మీద ధూళిని పట్టి నిజంగానే తూకం వేస్తారు. వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజుల కొలత. దాన్నిబట్టి ఏడాది సగటు తెలుస్తుంది, ఊరి గాలి బాగుపడుతోందా పాడవుతోందా తెలుస్తుంది. ఈ రోజు ఆరుంపావుకు కానుగాకులు కాల్చారని తెలియదు. నిమిషనిమిషం కొలిచే పెద్ద కేంద్రాలు కోటి రూపాయల దరిదాపు ఖర్చు, వాటిని వాడకట్టుకొకటి పెట్టడం అయ్యే పని కాదు. 2019లో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలైనప్పుడు మన రాష్ట్రం నుంచి జాబితాకెక్కినవి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు కలిసిన మన ఊరి పేరు అందులో లేదు కాబట్టి మన గాలిని మనమే కనిపెట్టుకోవాలని నా అభిప్రాయం. హైదరాబాద్ త్రిబుల్ ఐటీవాళ్ళు గచ్చిబౌలి చుట్టుపక్కల ఇట్లాంటి చవక సెన్సర్లు దగ్గరదగ్గరగా పెట్టి చూశారు. కాన్పూర్ ఐఐటీవాళ్ళు ఉత్తరప్రదేశ్, బీహార్ పల్లెల్లో పెట్టారు. చదువుకున్నవాళ్ళు దీన్ని ఆటబొమ్మగా చూడటం లేదు. అదే సమయంలో ఏ ఒక్క పెట్టె అంకెనూ సత్యమని ఒప్పుకోవడం లేదు, మంచి కేంద్రం పక్కన పెట్టి సరిచేసుకున్నాకే మాట్లాడుతున్నారు. మనమూ అట్లనే ఉండాలి.

రెడీమేడ్ పెట్టెకు నేను ఐదుకు రెండు ఇస్తాను. ఆ రెండూ ఇంట్లో కాయిల్ సంగతి బయటపెట్టినందుకే. చేత్తో చేసిన పెట్టెలకు నాలుగు. కరెంటు పోతే ఆగిపోతాయి, వచ్చినప్పుడు వాటంతటవే లేస్తాయి. మధ్యలో లెక్క మాత్రం పోతుంది, పాత మొబైల్ పవర్ బ్యాంకు పెడితే చిన్న కోతలకు చాలు. అడాప్టర్ మంచిది వాడండి, నాసిరకంది వేస్తే బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. తేమ సెన్సర్ దగ్గర రెండు వందలు మిగుల్చుకోకండి. ఒక్కరే ఒక పెట్టె కొనడం కన్నా గల్లీలో ముగ్గురు కలిసి మూడు చేసుకుంటే అర్థం దొరుకుతుంది. దాని అంకెను పట్టుకొని ఎవరి మీదా కేసు పెట్టలేరు. ఏ వేళకు లేస్తోంది, ఏ వాడలో ముందు లేస్తోంది అనేది మాత్రం నమ్మొచ్చు, నేను ఏడాదిన్నరగా దాన్నే నమ్మి మా బాపును నడిపిస్తున్నాను.

యాసంగి కోతలు ఇంకో రెండు వారాల్లో మొదలవుతాయి. ఈసారి ఆరో పెట్టెను పడమటి అంచుకు, మడికొండ దిక్కు ఒక స్నేహితుని ఇంటి మీద పెడుతున్నాను. పొగ అటు నుంచి బయల్దేరితే మా ఇంటికి చేరేలోపల బాపును లోపలికి పిలవడానికి పావుగంటైనా దొరుకుతుందేమో చూడాలి. మీలో ఎవరైనా పెట్టె చేసుకుంటే గోడకు బిగించే ముందు ఒక వారం తెచ్చి నా పెట్టెల పక్కన పెట్టి చూసుకోండి. డాబా మీద రేకు నీడన చోటుంది, ప్లగ్ పాయింట్లు కూడా ఇంకో మూడు వేయించాను.